మైనానికి మంట కనపడకూడదు

కొవ్వొత్తులు చేసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని అడిగి చూడండి. అచ్చుల గురించి గంటసేపు చెప్తారు. రంగు ఎక్కడ చౌకగా దొరుకుతుందో, వత్తి ఎంత లావుంటే పొగ రాకుండా వెలుగుతుందో, అట్టపెట్టెలు ఎవరు బాగా చేస్తారో అన్నీ చెప్తారు. "మైనం దేంట్లో కరిగిస్తారు?" అంటే మాత్రం "ఏముంది, ఏదో ఒక గిన్నె" అనేస్తారు. నా పేచీ అంతా ఆ "ఏముంది"తోనే.

కిలో, రెండు కిలోల దాకా ఆ మాట చెల్లుతుంది. పది కిలోలు ఒకేసారి కరిగించాలనుకున్న రోజు నుంచి చెల్లదు. ఆ రోజు మొదట కొనాల్సింది అచ్చులూ కాదు, రంగులూ కాదు, కరిగించే పాత్ర. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా దానికే పోవాలి. ఈ మాట అన్నందుకు మా ఇంట్లో నాకు ఖర్చుమనిషి అని పేరొచ్చింది. వస్తే రానీ. ఎందుకన్నానో చెప్తాను వినండి.

మాది బంగారుపాళ్యం. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, మామిడికాయల మార్కెట్టున్న ఊరు. మా పొదుపు సంఘంలో ఐదుగురం కలిసి కొవ్వొత్తులు చేస్తున్నాం. మొదట దీపావళికీ కార్తీకమాసానికీ రంగురంగుల చిన్న దీపాలు చేసేవాళ్ళం. తర్వాత తెల్ల కొవ్వొత్తులు కావాలని అడగడం మొదలైంది. మా వైపు చర్చిలు పాతవి. అమెరికా నుంచి వచ్చిన ఆర్కాట్ మిషన్ వాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ ప్రాంతంలో పనిచేశారు. వేలూరు పెద్దాసుపత్రి స్థాపించిన ఐడా స్కడర్‌ది ఆ మిషన్ కుటుంబమే. నవంబరు 2న సమాధుల దగ్గర వెలిగించడానికీ, క్రిస్మస్ ముందు రాత్రి ప్రార్థనకీ పెట్టెలకు పెట్టెలు కావాలి.

ఈ ఏడు రెండు చర్చిలూ, చిత్తూరులో ఒక అంగడీ కలిపి మాకిచ్చిన ఆర్డరు లెక్కేస్తే 60 కిలోల మైనం తేలింది. మా పాత గిన్నెలో ఒక దఫాకు రెండు కిలోలు. అంటే ముప్పై దఫాలు. దఫాకు కరగడానికే ముప్పావుగంట. ఐదుగురికీ ఇళ్ళున్నాయి, వంటలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. పెద్ద పాత్ర కావాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎలాంటిది అన్న దగ్గరే ఇల్లు రెండుగా చీలింది.

మా ఆయన తేల్చేసిన పద్ధతి ఇది. పెళ్ళిళ్ళకు సాంబారు కాచే పెద్ద అల్యూమినియం డబరా ఒకటి అద్దెకు తెచ్చుకోవడం, పెరట్లో మూడుకాళ్ళ గ్యాసు పొయ్యి పెట్టుకోవడం, పదిహేను కిలోలు ఒకేసారి పడేయడం. "అరగంటలో కరిగిపోతుంది, రూపాయి పెట్టుబడి లేదు" అన్నాడు. మా అత్తమ్మ ఇంకో మాట కలిపింది. "మా కాలంలో కొప్పెరలో బెల్లం కాచినాం గదమ్మా. ఇంత మైనం కరిగించను మిషను కావల్నా?"

అత్తమ్మ మాటను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. మా జిల్లాలో చెరకు గానుగ చూడని ఇల్లుండదు. నిజంగానే వాళ్ళు మంట మీద కొప్పెర పెట్టి వందల లీటర్ల రసం కాచారు. కానీ ఆ రసానికీ మైనానికీ ఉన్న తేడా చూడండి. చెరకు రసంలో ముప్పాతిక భాగానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళు ఉన్నంతసేపూ రసం వేడి హద్దు దాటదు. పైగా అది మాట్లాడుతుంది. ముందు తెట్టు కడుతుంది, తర్వాత పొంగుతుంది, బుడగలు పెద్దవై చిన్నవవుతాయి, పాకం తీగ సాగుతుంది. పక్కన నిలబడ్డ మనిషికి ప్రతి దశా చెప్పే చేస్తుంది. పాలూ అంతే, పొంగి మనల్ని పిలుస్తాయి.

మైనం మూగది. కరుగుతుంది, తేటగా నీళ్ళలా కనపడుతుంది, అంతే. 70 డిగ్రీల దగ్గరా అలాగే ఉంటుంది, 150 దగ్గరా అలాగే ఉంటుంది. మరగదు, పొంగదు. పొగ తేలుతోందని మనం గుర్తుపట్టే సరికే చాలా దూరం పోయుంటుంది. మామూలు పారాఫిన్ మైనం 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. అచ్చుల్లో పోయడానికి 75 నుంచి 85 చాలు. 200 డిగ్రీల చుట్టుపక్కలకు చేరితే దాని ఆవిరికి నిప్పు అంటుకోవచ్చు. అక్కడికి చేర్చడం గ్యాసు మంటకు ఒక లెక్క కాదు. మనం ఫోనులో మాట్లాడే లోపల జరిగిపోతుంది. జరిగితే ఆ నిప్పు పాత్ర కిందే సిద్ధంగా ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

నేను తెలుగు బీయే చదివినదాన్ని, మాట విరిచి చూసే జబ్బు ఒకటుంది. కొవ్వొత్తి అంటే కొవ్వు, వత్తి. వెనకటికి జంతువుల కొవ్వుతో చేసేవాళ్ళు కనుక ఆ పేరు. ఇప్పుడు వాడేది పెట్రోలియం నుంచి తీసిన పారాఫిన్ అయినా పేరు మంచి హెచ్చరికే చేస్తోంది. దీన్ని నీళ్ళలా చూడకూడదు, కాగే నూనెలా చూడాలి. బూరెల బాణలి మంట మీద వదిలేసి పక్కింటికి పోతామా?

బెల్లం గానుగకు జవాబు మా జిల్లాలోనే ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. మా సంఘంలో ఒకక్క సీజను మూడు నెలలూ అక్కడికి పనికి పోతుంది. ఇంట్లో ఈ వాదన నడుస్తున్నప్పుడు ఆమె అన్న మాట నాకు దారి చూపించింది. "అన్ని టన్నుల గుజ్జు వేడి చేస్తారు గదా, యాడా మంట కనపడదు. గోడల మధ్యలో ఆవిరి తిరుగుతా ఉంటాది, అంతే." గుజ్జును నేరుగా మంట మీద పెడితే అడుగంటుతుంది, రంగు మారుతుంది, సరుకు పోతుంది. అందుకని రెండు గోడల పాత్రలూ గొట్టాలూ పెట్టి, బయట పక్క ఆవిరి పంపిస్తారు. లోపలి సరుకుకు వేడి తగులుతుంది, మంట తగలదు. మన కొవ్వొత్తుల పాత్ర కూడా దానికి చిన్న చెల్లెలై ఉండాలి. కొప్పెరకు కూతురు కాకూడదు.

అయితే మార్కెట్లో ఏమేం దొరుకుతాయి? ఇంటర్నెట్‌లో "వ్యాక్స్ హీటర్" అని వెతికారా, మొదటి నూరు ఫోటోలూ బ్యూటీపార్లర్లో చేతుల మీద వెంట్రుకలు తీయడానికి వాడే బుల్లి డబ్బాలే వస్తాయి. అర లీటరు పడితే గొప్ప. వాటిని దాటుకుని పోతే అసలు సరుకు కనపడుతుంది. "వ్యాక్స్ మెల్టర్" అని, "క్యాండిల్ వ్యాక్స్ మెల్టింగ్ ట్యాంక్" అని రాస్తేనే మనక్కావలసింది వస్తుంది.

దానికి ముందు ఇంట్లో ఉన్నవాటి సంగతి తేల్చుకుందాం. పెద్ద గిన్నెలో నీళ్ళు, దాంట్లో చిన్న గిన్నె, ఆ చిన్న దాంట్లో మైనం. దీన్నే డబల్ బాయిలర్ అంటారు. రెండు మూడు కిలోల దాకా ఇంతకన్నా మంచి పద్ధతి లేదని ఇప్పటికీ అంటాను. నీళ్ళు ఉన్నంతవరకు వేడి 100 దాటదు, కాబట్టి మైనం కూడా దాటదు. గ్యాసు బదులు ఇండక్షన్ స్టవ్ మీద పెడితే మంట బెడద కూడా పోతుంది. నీళ్ళు ఇంకిపోకుండా చూసుకుంటే చాలు. కానీ పది కిలోలకు ఇది పనికిరాదు. పది కిలోల కాగిన మైనం ఉన్న గిన్నెను వేడినీళ్ళలోంచి రెండు చేతులతో పైకి ఎత్తి, అచ్చుల దాకా మోసుకుపోయి వంచాలి. తడి చేతిగుడ్డ జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇండక్షన్ మీద మైనం గిన్నె నేరుగా పెట్టేవాళ్ళున్నారు. స్టవ్ అంకెల్లో చూపించే వేడి గిన్నె అడుగుది, మైనానిది కాదు. అడుగున ఒక వేడి, పైన ఒక వేడి. నాకు నచ్చదు.

రైస్ కుక్కర్ సంగతి కూడా చాలామంది అంటారు. కుక్కర్ తనంతట తాను ఆగేది నీళ్ళు అయిపోయాయని తెలుసుకుని. ఆ లెక్క అన్నానికి పెట్టింది, మైనానికి కాదు. ప్రెషర్ కుక్కర్ మాట ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను.

ఇంకోటి, టీ అంగళ్ళలో, కల్యాణ మండపాల్లో పాలు కాచే స్టీలు బాయిలర్. రెండు గోడలు, మధ్యలో నీళ్ళు, కింద కొళాయి. పాలు అడుగంటకూడదని చేసిన వస్తువు కాబట్టి మైనానికీ దాదాపు సరిపోతుంది. పాతది చౌకగా దొరికితే, కరెంటుతో నడిచేదైతే, ఇది నా రెండో ఓటు. మొదటి ఓటు ఎందుకు కాదంటే కొళాయి. పాల కొళాయి దారి సన్నగా ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి మైనం చల్లబడి గడ్డకట్టి కూర్చుంటుంది. దాన్ని కరిగించడానికి ఎవరో ఒకరు అగ్గిపుల్ల వెలిగిస్తారు. ఆ మహానుభావుడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. కొళాయి బిగుసుకుంటే వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చుట్టండి, నిప్పు చూపించకండి. ఒకసారి మైనం పోసిన బాయిలర్ మళ్ళీ పాలకు పనికిరాదు, అది కూడా గుర్తుంచుకుని కొనాలి.

ఇక మైనం కోసమే చేసిన ట్యాంకులు. వీటిలోనూ మాయ ఉంది. "వ్యాక్స్ మెల్టర్" అనే పేరుతోనే మూడు రకాలు అమ్ముతున్నారు. ఒకటి ఒంటిగోడది. కింద హీటరు చుట్ట అతికించి ఉంటుంది. తొందరగా కరిగిస్తుంది, ధర తక్కువ. కానీ వేడంతా అడుగునే. రెండోది రెండు గోడలది, మధ్యలో నూనె. మూడోది రెండు గోడలది, మధ్యలో నీళ్ళు. అమ్మేవాళ్ళు నూనె రకాన్ని పొగుడుతారు, తొందరగా వేడెక్కుతుంది, ఎక్కువ వేడి ఇస్తుంది అని. నిజమే. నా అభ్యంతరమూ అదే. వేడిని కొలిచి హీటరును ఆపే థర్మోస్టాట్ అనే చిన్న వస్తువు ఏదో ఒక రోజు పాడవుతుంది. పాడైన రోజు నూనె 100 దాటి పోతూనే ఉంటుంది. నీళ్ళు 100 దగ్గర మరిగి ఆవిరై గోల చేస్తాయి. మూగ మైనానికి నోరున్న తోడు అన్నమాట. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే అయింది, ఇంట్లో పెట్టుకునేదానికి నీళ్ళ గోడే నా ఎంపిక. ఆ నీళ్ళ గదికి ఆవిరి బయటకు పోయే దారి తప్పకుండా ఉండాలి. నీళ్ళెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం ఉంటే ఇంకా మంచిది. మా బోరు నీళ్ళు పోస్తే ఆరు నెలల్లో హీటరు మీద తెల్లటి పొర కట్టడం ఖాయం. వాననీళ్ళో ఫిల్టరు నీళ్ళో పోసుకోవడం మేలు.

సైజు దగ్గర ఎక్కువమంది మోసపోతారు. 10 లీటర్ల ట్యాంకులో 10 కిలోలు పడతాయనుకుంటారు. కరిగిన మైనం నీళ్ళకన్నా తేలిక. 10 కిలోలు కరిగితే 13 లీటర్లవుతుంది. గడ్డగా ఉన్నప్పటికన్నా కరిగాక ఉబ్బుతుంది కూడా. పైన నాలుగు వేళ్ళు ఖాళీ ఉండాలి. కాబట్టి 10 కిలోలకు 16 నుంచి 18 లీటర్ల పాత్ర అడగాలి. అడిగేటప్పుడు "లీటర్లా, కిలోలా?" అని ఒకటికి రెండుసార్లు అడగండి.

పెద్దది కొంటే పని తొందరగా అవుతుందన్న భ్రమ ఇంకొకటి. మా దగ్గర యాభై కొవ్వొత్తుల అచ్చులు రెండున్నాయి. మేం చేసే కొవ్వొత్తి 25 గ్రాములు. రెండు అచ్చులూ నిండితే రెండున్నర కిలోలు. అది చల్లారి, ఊడదీసి, మళ్ళీ వత్తులు కట్టి పోయడానికి గంట పడుతుంది. పొద్దున్నుంచి పిల్లలు బడి నుంచి వచ్చే లోపల నాలుగు విడతలు. అంటే పది కిలోలు. 30 కిలోల ట్యాంకు కొంటే మిగిలిన ఇరవై కిలోలు సాయంత్రం దాకా ఊరికే కాగుతూ కూర్చుంటాయి. వందమందికి ఎసరు పెట్టి ఇరవై విస్తళ్ళు వేసినట్టుంటుంది. మీ అచ్చులు ఎన్నో లెక్కేసుకోండి, ట్యాంకు సైజు అదే చెప్తుంది.

రంగూ సువాసనా ట్యాంకులో కలపొద్దు. తెల్ల మైనం మాత్రమే పెద్ద పాత్రలో కరిగించి, కొళాయి తిప్పి చిన్న స్టీలు జగ్గుల్లోకి పట్టుకుని, అక్కడ కలుపుకోవాలి. అప్పుడు చర్చికి తెల్లవీ, దీపావళికి ఎర్రవీ ఒకే రోజు చేసుకోవచ్చు. ట్యాంకు కడిగే బాధ లేదు. రెండు ట్యాంకులు కొనమని చెప్పే డీలర్లకు ఈ జవాబు చెప్పండి.

లోహం సంగతి. స్టీలు మంచిది. ఇత్తడి కొళాయి మాత్రం వద్దు. కొవ్వొత్తి గట్టిగా ఉండటానికి, అచ్చులోంచి సులువుగా ఊడటానికి మనలో చాలామంది స్టియరిక్ యాసిడ్ కలుపుతాం కదా. అది రాగి, ఇత్తడి తగిలితే మైనాన్ని పచ్చగా చేస్తుంది. ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టకూడదని మన అమ్మమ్మలకు తెలిసిన సంగతే ఇది. తెల్ల కొవ్వొత్తి తెల్లగా లేకపోతే చర్చి వాళ్ళు వెనక్కి పంపిస్తారు.

కరెంటు ఖర్చుకు అందరూ భయపడతారు. నేను కూర్చుని లెక్క వేశాను. 30 డిగ్రీల దగ్గరున్న 10 కిలోల పారాఫిన్‌ను కరిగించి 80 దాకా తేవడానికి ఒక యూనిట్ లోపే పడుతుంది. గోడలోని నీళ్ళు కాగడానికీ, బయటకు పోయే వేడికీ కలిపినా ఒకటిన్నర యూనిట్లు. నాలుగొందల కొవ్వొత్తులకు ఒకటిన్నర యూనిట్లు! 1500 వాట్ల హీటరైతే గంట, గంటంపావు. వోల్టేజీ తగ్గితే ఇంకాస్త. అసలు చూడాల్సింది బిల్లు కాదు, ప్లగ్గు. ఫోను ఛార్జింగు పెట్టే చిన్న ప్లగ్గు దీనికి వద్దు. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల పెద్ద పాయింటు కావాలి. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. షాకు కొట్టకుండా సరఫరా ఆపే ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాలి. పాత ఇళ్ళలో ఈ ఖర్చు ట్యాంకు ఖర్చుతో పాటే రాసుకోండి.

గ్యాసు చౌక అనేవాళ్ళకు ఒక మాట. వంటింటి 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. వ్యాపారానికి 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. ఆ ధర వేసి చూశాక మా ఆయన లెక్కలో "రూపాయి పెట్టుబడి లేదు" అన్న మాట కొట్టేశాను.

మా సంఘంలో ఒకామె ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చలు నాలుగున్నాయి. తన పుట్టింట్లో ముందురోజు మిగిలిన మైనం గిన్నెలోనే గడ్డకట్టింది. మర్నాడు అలాగే పొయ్యి మీద పెట్టారు. అడుగున మైనం కరిగి ఉబ్బింది, పైన గట్టి మూత అలాగే ఉంది. ఉబ్బినది ఎక్కడికి పోవాలి? మూత పగలగొట్టుకుని చిమ్మింది. కింది మంట వల్ల వచ్చే ప్రమాదమిది. రెండు గోడల పాత్రలో చుట్టూ పక్కల నుంచి కూడా కరుగుతుంది కాబట్టి పైకి దారి ఏర్పడుతుంది. అయినా పని ముగిశాక మిగిలింది ట్రేల్లోకి దించుకోవడమే పద్ధతి.

మైనం ఒంటి మీద పడితే పీకకూడదు. ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ళ కింద పెట్టి ఆసుపత్రికి పోవాలి. పేస్టూ, ఇంకూ, పసుపూ పూయకూడదు. మైనం అంటుకుంటే నీళ్ళు అసలు పోయకూడదు. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని ఇల్లంతా చల్లుతాయి. స్విచ్ ఆపి, దగ్గరికి పోగలిగితే మూత పెట్టాలి. అందుకే ట్యాంకుకు బిగుతైన స్టీలు మూత ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి. పక్కన పొడి మందు చల్లే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి ఉండాలి. అదుపు తప్పితే బయటికి వచ్చేసి 101కి ఫోను చేయాలి.

ఇంత చెప్పాక అసలు విషయానికి వస్తాను. ఇలాంటి ట్యాంకు ధర మధ్యరకం స్మార్ట్‌ఫోను ధర చుట్టుపక్కల ఉంది. ఐదుగురు పంచుకుంటే తలా కొంచెం. సంఘం అప్పులోంచి తీసుకుంటే నెలనెలా కట్టుకోవచ్చు. అయినా ఐదిళ్ళలోనూ ఒకే మాట వచ్చింది. "ముందు సంపాదించండి, తర్వాత మిషను కొందురు." మామిడి తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ కొనేటప్పుడు ఎవరైనా "ఇంట్లో చెంబు ఉంది కదా, దాంతో చల్లుకో" అంటారా? బోరు వేసేటప్పుడు "ముందు పంట తీయి, తర్వాత నీళ్ళు" అంటారా? మగవాళ్ళ పనికి పనిముట్టు పెట్టుబడి. ఆడవాళ్ళ పనికి పనిముట్టు దుబారా. మనం చేసేది ఖాళీ టైములో చేసే పని అనీ, దానికి ఖాళీ గిన్నె చాలనీ వాళ్ళ లెక్క. ఆ ఖాళీ గిన్నె ఎవరి చేతుల్లో ఉంటుందో మాత్రం లెక్కలోకి రాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇంట్లో ఉన్న గిన్నె అంటే వంటగిన్నె. వంటింట్లో మైనం కరిగించడం మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం వండే పొయ్యి, మైనం పొయ్యి ఒకటే అవుతుంది. ఒక చేత్తో పోపు, ఒక చేత్తో మైనం. గరిటెలు మారిపోతాయి. నీళ్ళ చెంబు తగిలి మైనంలో నాలుగు చుక్కలు పడతాయి. మిగిలిన మైనం ఎవరో సింకులో పోస్తారు, వారం తర్వాత గొట్టం పగలగొట్టాలి. పెద్ద పాత్ర కొనడమంటే వంటింటి నుంచి ఆ పనిని బయటకు తీసుకురావడం కూడా. మేం మా అక్క వాళ్ళ పశువుల కొట్టం పక్క గది ఖాళీ చేయించాం. రెండు కిటికీలు ఎదురెదురుగా ఉన్నాయి, గడ్డివాము దూరంగా ఉంది, చిన్నపిల్లలు లేని ఇల్లు. తలుపుకు లోపల కాక బయట గొళ్ళెం. పని లేనప్పుడు తాళం.

ఇది కుటుంబాన్ని ఎదిరించడం అని నాకనిపించలేదు. కాగితం మీద రెండు పద్ధతుల లెక్కా రాసి, రాత్రి అన్నాల తర్వాత మా ఆయన ముందు పెట్టాను. డబరా అద్దె, కమర్షియల్ సిలిండరు, మనిషి ఎప్పుడూ పక్కనే కావలి ఉండటం ఒక పక్క. ట్యాంకు, వైరింగు, కరెంటు ఇంకో పక్క. 60 కిలోలకు మొదటిదే చౌక, దాచలేదు. వచ్చే ఏడాదికి, ఆపై ఏడాదికి వేసి చూస్తే రెండోది. ఆయన చాలాసేపు చూసి, "కావలి మనిషికి కూలి ఎందుకు రాసినావు? మీరే కదా ఉండేది" అన్నారు. "అందుకే రాసినా" అన్నాను. ఆ రాత్రికి వాదన అక్కడ ఆగింది.

కొనే ముందు నేను పట్టుబట్టేది ఒక పరీక్ష. ట్యాంకులో మైనం బదులు నీళ్ళు పోయించండి. థర్మోస్టాట్ 80 దగ్గర పెట్టండి. మన సొంత థర్మామీటరుతో అరగంటకొకసారి చూడండి. వంటలకు వాడే పొడుగు సూది డిజిటల్ థర్మామీటరు చాలు. ట్యాంకు అంకెకీ మన అంకెకీ మూడు నాలుగు డిగ్రీలు తేడా వస్తే ఫరవాలేదు, పదిహేను వస్తే ఆ ట్యాంకు వద్దు. కొళాయి కింద పాత న్యూస్‌పేపరు పరిచి ఉంచండి, చుక్క పడితే తెలుస్తుంది. పది సార్లు తిప్పి మూయండి. కొళాయి అచ్చు ఎత్తుకన్నా పైన ఉందో లేదో, జగ్గు కింద పడుతుందో లేదో చూడండి. ఫోటోలో బాగుండి ఇంటికి వచ్చాక జగ్గు పట్టని ట్యాంకులున్నాయి. ఒక డీలరు ఈ పరీక్ష అడిగితే "అమ్మా, అంత అనుమానమైతే కొనొద్దులే" అన్నాడు. కొనలేదు. ఇంకొకాయన "రండమ్మా, మీరు కాఫీ తాగేలోపల చూపిస్తా" అన్నాడు. గంట పడుతుందన్నాను. "అయితే రెండు కాఫీలు" అన్నాడు.

ఆయన అంగడి బెంగళూరులో. బుధవారం పొద్దున బస్సుకు ముగ్గురం పోతున్నాం. సంచిలో థర్మామీటరు, టేపు, మా అచ్చు ఒకటి, జగ్గు ఒకటి, పాత న్యూస్‌పేపర్లు పెట్టుకున్నాను. మా అత్తమ్మ సంచి చూసి ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లోంచి కేకేసింది. "కొళాయి స్టీలుదేనా, ఇత్తడికి పూత పూసిందా, గోరుతో గీరి చూడమ్మా. మాటలు నమ్మద్దు."